నాన్న మెడ మీది పిండి

పొద్దున ఆకాశం పొరలు పొరలుగా ఊడుతోంది. పైన తెల్లటి పొర, అది చిరిగిన చోట బూడిదరంగు పొర, దాని కింద ఇంకేదో పచ్చిగా, ఎర్రగా. వాన పడేలా ఉంది గాని పడలేదు, ఎండ వచ్చేలా ఉంది గాని రాలేదు, గాలి ఎక్కడో దాక్కుంది. ఇలాంటి ఉక్కపోత రోజుని నా కళ్ళకంటే ముందు నా చంకలు కనిపెడతాయి. బస్సులో చొక్కా ఒంటికి తగలకుండా చేతులు కాస్త ఎడంగా పెట్టుకుని కూర్చున్నాను, తడిసిన కోడిలాగా. పక్కనున్న మనిషి ఓసారి నా మెడవైపు చూసి సర్దుకుంటున్నట్టు నటిస్తూ అవతలికి జరిగాడు. జరగనీ. ఇవాళ ఎవరు జరిగినా నాకు పట్టింపు లేదు. మా అన్న దగ్గరికి వెళుతున్నాను. నిన్న ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పిన మాట నా నాలిక కింద ఉంది, చప్పరించేకొద్దీ పదునెక్కుతోంది.

ఇప్పుడు మా నాన్న పెట్టిన రొట్టెల కొట్టులో కూర్చున్నాను. నన్నూ మా అమ్మనీ మా అన్న బయటికి పంపించాక ఈ గడప తొక్కడం ఇదే. గల్లా దగ్గర అన్న కూతురుంది. నన్ను చూసి లేచింది, లేచాక ఏం చేయాలో తోచక మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది. "బాబాయ్," అంది, ఆ మాట వాడి చాలా రోజులైనట్టు. మీ నాన్నతో పనుందన్నాను. లోపలికి వెళ్ళి వచ్చింది. "బట్టీలో రొట్టెలున్నాయట బాబాయ్. అవి దిగాక వస్తానన్నారు. అందాకా కూర్చోమన్నారు." "ఎక్కడ కూర్చోమన్నాడు?" అడిగాను. ఆ పిల్ల కళ్ళు దించుకుంది. "బయట అరుగు మీద." నేను లోపలికి నడిచి, బట్టీ గది గుమ్మం పక్కన, పిండి బస్తాల వరసకి ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాను. ఏం చేస్తాడు, వచ్చి లేపుతాడా, లేపమను.

రొట్టె పైపెచ్చు ఎర్రబడేటప్పుడు వచ్చే వాసన ముక్కులోంచి నేరుగా పొట్టలోకి దిగుతుంది, మధ్యలో మనసు దాని కాళ్ళకి అడ్డం పడుతుంది. ఈ వాసనలోనే నాకు పళ్ళొచ్చాయి. ఈ వాసనలోనే మా అమ్మ బల్ల ముందు నిలబడి, పిండి ముద్ద తుంచి, అరచేతి కింద ఒక్క తిప్పు తిప్పి వదిలేది, ముద్ద గుండ్రంగా లేచి కూర్చునేది. అన్న రెండు తిప్పులు తిప్పేవాడు, అయినా పక్కకి ఒరిగేది. నాన్న నవ్వేవాడు. ఆ నవ్వు అన్నకి ఎంత లోతుగా దిగిందో ఎవరం చూసుకోలేదు. అన్న నాన్న మొదటి భార్య కొడుకు, ఆమె పోయాక మా అమ్మ వచ్చింది, మా అమ్మకి నేను. ఒకే బల్ల, ఒకే బట్టీ, ఒకే తండ్రి. గుమ్మంలోంచి వేడి ఒక నాలికలాగా వచ్చి నా మెడ నాకి పోతోంది. కాలరు కింద ఒకచోట తడి మొదలైంది. అది చెమట కాదు, నాకు తెలుసు, చెమట ఇంత చురుక్కుమనదు. పై పొర కింది పొరని వదిలేస్తోంది, ఇక్కడే, ఇప్పుడే, నేను కూర్చుని చూస్తుండగానే. పట్టు వదిలేయడం అని డాక్టరమ్మ అంది.

మనిషి చిన్నదే, గొంతు నెమ్మది. తన రెండు చేతుల వేళ్ళు ఒకదానిలో ఒకటి కలిపి చూపించింది. చర్మంలో కణాలన్నీ ఇలా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయండీ, పట్టుకోడానికి వాటికి సన్నటి కొక్కేల్లాంటివి ఉంటాయి, అవి బిగుసుకోవాలంటే కణం లోపల కాల్షియం, అంటే సున్నం అనుకోండి, ఉండాల్సిన గదిలో ఉండాలి, దాన్ని ఆ గదిలోకి తోడిపోసే పంపు ఒకటుంది, ఆ పంపుని తయారుచేయించే జన్యువులో మీకు ఒకచోట తేడా ఉంది, అంది. ఆ జన్యువు మనిషికి రెండేసి ఉంటుందట, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. నాకు ఒకటి బాగుంది, ఒకటి చెడింది. బాగున్నదొక్కటే ఇద్దరి పనీ చేస్తూ ఎలాగో నెట్టుకొస్తుంది, వయసు వచ్చేదాకా ఏమీ తెలియనివ్వదు. ఆ తర్వాత చెమటా రాపిడీ కలిసే చోట, మెడ దగ్గర, చంకల్లో, తొడల సందుల్లో, ఇంక నా వల్ల కాదంటుంది. అప్పుడు కణాలు చేతులు వదిలేస్తాయి. డాక్టరమ్మ వేళ్ళు విడదీసింది. ఆ విడిపోయిన వేళ్ళవైపు చూస్తుంటే నాకు ఉప్పు వేయడం మర్చిపోయిన పిండి గుర్తొచ్చింది. అదే పిండి, అవే నీళ్ళు, పిసికింది అదే చెయ్యి, బల్ల మీద పెడితే తేడా తెలియదు. లాగితే మాత్రం సాగకుండా జారిపోయి, వేళ్ళకి అతుక్కుని చీరుకుపోతుంది. "అంటుకుంటుందా అండీ?" అని అడిగాను. ఇన్నేళ్ళుగా అడగాలని భయపడ్డ ప్రశ్న అది. "అంటుకోదు. మురికివల్ల రాదు, ఎవరి పక్కన పడుకున్నా రాదు. పుట్టుకతో వచ్చేదే," అంది. నేను ముఖం తిప్పుకుని గోడమీద గడియారం చూస్తూ కూర్చున్నాను, గంట ఎంతయిందో ఇప్పుడడిగినా చెప్పలేను.

తర్వాత నా మెడ పరీక్ష చేస్తూ, "ఇదేంటి, పిండా?" అంది. పిండేనండీ, మాది రొట్టెల పని, పిండి ముద్ద ముట్టుకునేముందు మెడకీ చంకలకీ కాస్త పిండి పూసుకోవడం మా పనిలో పద్ధతి, పూసుకోకపోతే రొట్టె పొంగదు, అన్నాను. ఆమె నావైపు చూసింది. "పచ్చిపుండు మీద పిండి చల్లితే క్రిములకి విస్తరి వేసి భోజనం పెట్టినట్టేనండీ. ఎవరు చెప్పారు మీకీ పద్ధతి? అన్ని బేకరీల్లో ఉందా?" లేదు. ఇక్కడినుంచి వెళ్ళాక నేను వేరే బేకరీల్లో పనిచేశాను, ఎక్కడా ఎవరూ పూసుకోరు, అది చూసి వీళ్ళకి పని రాదనుకున్నాను, పాపం సరైన చోట నేర్చుకోలేదని జాలిపడ్డాను కూడా. అప్పుడు, ఆ కుర్చీలో, మందు వాసనల మధ్య, ఎప్పుడో పోయిన నాన్న వచ్చి నా ముందు నిలబడ్డాడు. పొద్దున్నే బస్తాలో చెయ్యి పెట్టి, గుప్పెడు పిండి తీసి, కాలరు వెనక్కి లాగి మెడ చుట్టూ అద్దుకునేవాడు, బనీను ఎత్తి చంకల్లో కొట్టుకునేవాడు, పళ్ళ మధ్యనుంచి ఉస్ మని గాలి పీల్చేవాడు. ఎందుకు నాన్నా అంటే, రొట్టె మన ఒంటి వాసన గుర్తుపట్టాలిరా, అప్పుడే పొంగుతుంది, అనేవాడు. నేను పూసుకున్నాను. అన్న పూసుకున్నాడు. నాన్న నాటినుంచీ బట్టీ చూసుకునే ముసలాయన, మా బట్టీ తాత, పూసుకున్నాడు, పనికి కొత్తగా చేరినవాడల్లా పూసుకున్నాడు. ఒక మనిషి తన పుళ్ళు దాచుకోడానికి చేసిన పనిని మేమందరం విద్య అనుకుని నేర్చుకున్నాం. మా అమ్మ కూడా మోసపోయింది. కట్టుకున్నదే కదా, చూడకుండా ఎలా ఉంటుంది, చూసింది, బట్టీ సెగకి వచ్చిన పుళ్ళు అని నాన్న చెప్పాడు, నమ్మింది. బట్టీ ముందు నిలబడే మగవాడికి సెగ పుళ్ళు ఉండవా మరి.

మా మేనత్త కూడా అవి సెగ పుళ్ళే అనుకుందట. అనుకుందో, అనుకోవాలనుకుందో. మీ నాన్నగారివైపు రక్తసంబంధం ఎవరైనా ఉన్నారా, వాళ్ళ రక్తం కూడా చూస్తే ఎటునుంచి వచ్చిందో తేలుతుంది, అని డాక్టరమ్మ అంటే అత్త దగ్గరికి వెళ్ళాను. తన జాకెట్టు మెడ పక్కకి లాగి చూపించింది, నా మెడే అక్కడ, ముడతలు పడి. "మీ నాన్నకీ ఇంతేరా. నా పెళ్ళి కాదని మా అమ్మ నోరెత్తనిచ్చేది కాదు. తర్వాత నన్ను ఎవడడిగాడు?" అంది. ఎవడడిగాడు! ఈ కొట్టులో అన్న మా అమ్మని నిలబెట్టి అనరాని మాటలంటుంటే ఈ ముసలిది పక్క వీధిలోనే ఉంది. కోపం వచ్చింది, కాని రక్తం ఇవ్వడానికి బస్సెక్కి వచ్చింది, సూది గుచ్చుతుంటే నర్సుతో, "తీసుకో తల్లీ తీసుకో, ఈ ఒంట్లోంచి ఇన్నాళ్ళకి పనికొచ్చేది ఒకటి దొరికింది," అని నవ్వించింది, అందుకని ఆ కోపం కూడా అన్న పద్దులోనే వేశాను. నిన్న ఆ ఫలితం చెప్పారు. అత్తకీ నాకూ అదే జన్యువు, అదే చోట, అదే తప్పు. ఇది మీ నాన్నగారి వైపుదేనండీ, అంది డాక్టరమ్మ. మీ అమ్మగారికి దీంతో సంబంధం లేదు.

సంబంధం లేదు. ఆ మాట మా అమ్మ వినలేదు. నా మెడమీద మొదటి పొక్కులు లేచినప్పుడు నాన్న పోయి కొంతకాలమైంది. రొట్టెలు కొనడానికి వచ్చినావిడ ఎవరో నా మెడ చూసి వెనక్కి తగ్గింది, రెండు వీధుల్లో మాట పాకింది. అన్న మమ్మల్ని ఇదిగో ఈ గుమ్మంలోనే నిలబెట్టాడు, బట్టీ తాత ముందు, పనివాళ్ళందరి ముందు. మా రక్తంలో ఇలాంటి కుళ్ళు లేదు, ఇది ఈమె మోసుకొచ్చింది, కొడుక్కి ఇచ్చింది, ఇంక పిండి మీద చెయ్యి పడటానికి వీల్లేదు, అన్నాడు. అమ్మ అప్పుడు ముద్ద తిప్పుతోంది. చెయ్యి ఆగిపోయింది. వేళ్ళకంటిన పిండిని గోళ్ళతో గీరి గీరి బల్ల మీద పెట్టింది, ఒక్క రవ్వ కూడా తనతో పోకుండా. అమ్మ పరుపూ దుప్పట్లూ పెరట్లో తగలబెట్టించాడు. నేను అరిచాను, ఏం లాభం, నా మెడ నా మీద సాక్ష్యం చెబుతోంది. అక్కడితో అయిపోతే నేను ఇంత దూరం వచ్చేవాణ్ణి కాదేమో. అమ్మ నమ్మింది. అదీ నాకు మానని చోటు. రోజూ తలుపేసుకుని అద్దం ముందు చేతులెత్తి తన ఒళ్ళు తాను వెతుక్కునేది. ఒక్క పొక్కు లేదు, నున్నటి చర్మం, లోపల దాక్కుందేమో అనేది. నాకు అన్నం పెట్టి దూరంగా కూర్చునేది, నా బట్టలు కర్రతో తీసేది, ఒంటిని పీచుతో తోముకుని తోముకుని లేని పుళ్ళు తెచ్చుకుంది. పోయేముందు నా చెయ్యి పట్టుకోబోయి, పట్టుకోకుండానే, "నా ఒంట్లోంచే కదరా ఇచ్చాను," అంది. క్షమించమని అడిగినట్టు.

అందుకే వాడి నోటితోనే అనిపించాలి. అన్నని వాడు అంటున్నాను, అననీ. ఎలా అనిపించాలో ఎన్ని రకాలుగా అనుకున్నానో లెక్కలేదు. కాలరు పట్టుకుని గుంజి అందరికీ చూపిద్దామనుకున్నాను, ఎందుకంటే అందరూ బనీన్లతో చెమటలు కక్కుతుంటే అన్న ఒక్కడే గొంతుదాకా బొత్తాలు పెట్టుకునేవాడు, యజమాని దర్జా అనుకునేవాళ్ళం, ఆ దర్జా కింద ఏముందో నాకిప్పుడు తెలుసు. బజార్లో నిలబడి అరుద్దామనుకున్నాను, ఈ రొట్టెలు పిసికే చేతులు చూడండర్రా అని. అంటుకోదని తెలిసీ అలా అరవాలనిపించింది, వాడు మమ్మల్ని ఎలా వెళ్ళగొట్టాడో అలాగే వాణ్ణి వెళ్ళగొట్టాలనిపించింది. చివరికి వీటిలో ఏదీ చాలదనిపించింది. బట్టీ తాత వినాలి, పనివాళ్ళు వినాలి, ఆ గుమ్మంలోనే, ఆ గొంతుతోనే, ఆమె వల్ల కాదు అని వాడు అనాలి. అంతే. ఆ తర్వాత వాడు బతికితే ఎంత, చస్తే ఎంత.

గల్లా దగ్గర ఉస్ మని చప్పుడైంది. నాన్న చప్పుడు. ఒక్క క్షణం నా లోపలినుంచే వచ్చిందనుకున్నాను. తల తిప్పితే అన్న కూతురు, కొనడానికి వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారని చూసుకుని, కాలరు పైకెత్తి మెడ వెనక ఏదో అద్దుకుంటోంది. వేళ్ళకి పిండి. నేను చూస్తున్నానని గ్రహించి చెయ్యి దించేసింది, చిన్నప్పుడు పంచదార దొంగిలించి దొరికినట్టు.

"మెడ అలా ఎప్పటినుంచి?" అన్నాను.

"ఏం లేదు బాబాయ్, ఉక్క. చెమటకాయలు."

నేను నా కాలరు పక్కకి లాగి చూపించాను. ఆ పిల్ల చూసింది. దూరం జరగలేదు. బల్ల దాటి వచ్చి, వంగి, దగ్గరగా చూసింది, అద్దంలో చూసుకుంటున్నట్టు. తర్వాత నెమ్మదిగా తన కాలరు లాగింది.

"చిన్నప్పుడు నానమ్మ పక్కలో పడుకునేదాన్ని కదా," అంది. "ఆ దుప్పట్లలోంచి పట్టుకుందట. నాన్న చెప్పారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. నానమ్మ అంటే ఇష్టంగానే ఉండేది బాబాయ్ నాకు. తర్వాత తలుచుకుంటే ఒళ్ళు మండేది. నానమ్మ పేరెత్తితే లేచి వెళ్ళిపోయేదాన్ని."

నా చెవుల్లో బట్టీ రగిలింది. దుప్పట్లు కాల్చేసినా వాడికి ఆ దుప్పట్లు ఇంకా పనికొస్తున్నాయన్నమాట. మనిషి మట్టిలో కలిసినా ఆమె మీద ఇంకా నెడుతున్నాడు, సొంత కూతురి ఒంటిమీద తన రక్తం ఉబికి పైకి వస్తుంటే కూడా. మా అమ్మ కథ చెప్పి నిద్రపుచ్చిన మనవరాలు కూడా ఆమెని అసహ్యించుకునేలా చేశాడు. వచ్చేటప్పుడు నాది ఒక మనిషి పగ. ఇప్పుడు నా ఎదురుగా ఇంకో మనిషి నిలబడి ఉంది, పగ ఉందని తెలియని మనిషి. డాక్టరమ్మ చెప్పినట్టే వేళ్ళు కలిపి చెప్పాను, విడదీసి చెప్పాను. కొక్కేల గురించి, పంపు గురించి, ఉప్పు లేని పిండి గురించి. అత్త గురించి. తాతయ్య మెడమీద పిండి ఎందుకు పూసుకునేవాడో చెప్పాను. ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వేళ్ళకున్న పిండిని బట్టకి తుడుచుకుంది. "అయితే నాన్నకి?" అంది.

"చొక్కా బొత్తాలు మీ నాన్నవి, నన్నడుగుతావేం?" అన్నాను.

లోపల ఇనుప తలుపు మూసిన చప్పుడు, ట్రేలు ఒకదానిమీద ఒకటి పెడుతున్న చప్పుడు. మధ్యాహ్నం బట్టీ దించాక ఈ కొట్టులో అందరూ పిండి బల్ల గీరి శుభ్రం చేసుకుని దాని చుట్టూ కూర్చుని తింటారు, యజమానితో సహా, అది నాన్న నాటినుంచీ ఉన్న అలవాటే. పనివాళ్ళు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. బట్టీ తాత నన్ను గుర్తుపట్టి, "చిన్నోడా," అని ఆగిపోయాడు. వెనక అన్న వచ్చాడు, జుట్టు నెరిసింది, గొంతుదాకా బొత్తాలున్నాయి. "బయట కూర్చోమన్నాను కదరా," అన్నాడు. నేను లేచాను. ఇన్నాళ్ళు పదునుపెట్టుకున్న మాటలన్నీ వరసగా నిలబడ్డాయి, ఏది ముందు పోవాలో తేలలేదు. చివరికి చాలా మామూలుగా వచ్చింది. "నాన్న నుంచి వచ్చిందట. అత్త రక్తంలో దొరికింది. నీకూ ఉంది." అన్న కాదనడానికి నోరు తెరుస్తాడని, అరుస్తాడని, దానికి నా దగ్గర జవాబుందని నిలబడ్డాను. అన్న నావైపు చూడలేదు. కూతురి మెడవైపు చూశాడు. కాలరు అలాగే తెరిచి ఉంది.

"తెలుసు," అన్నాడు.

తెలుసట. తెలియక అన్నాడని నేను ఎక్కడో ఒక మూల అనుకుంటూ ఉన్నానని ఆ క్షణమే నాకు తెలిసింది, ఆ మూల కూడా కాలిపోయింది. బట్టీ తాత మెల్లగా బస్తాకి చేరగిలబడ్డాడు. "నాకు వచ్చినప్పుడే నాన్న చెప్పాడు," అన్నాడు అన్న, ఇంకెవరి గురించో చెబుతున్నట్టు. "కొట్టు మూతపడేది. ఎవరిమీదో ఒకరిమీద వేయాలి." నేను అడుగు ముందుకేశాను, ఎందుకో నాకే తెలియదు, కాని ఆ పిల్ల నాకంటే ముందు నడిచి తండ్రి ఎదురుగా నిలబడింది.

"ఆమె వల్ల కాదని చెప్పండి నాన్నా. ఇక్కడే చెప్పండి."

"ఆవిడ వల్ల కాదు."

"ఆవిడ అంటే ఎవరు?"

అన్న పెదవులు కదిలాయి. బతికుండగా మా అమ్మని ఎప్పుడూ ఏమనీ పిలవలేదు అతను. "పిన్ని వల్ల కాదు," అన్నాడు. ఆ మాట కొత్త చెప్పులాగా కరకరలాడింది.

నేను అనిపించాలనుకున్నది అయిపోయింది. నా లోపల ఏదైనా చల్లబడుతుందేమోనని చూసుకున్నాను. చల్లబడలేదు. అమ్మ అద్దం ముందు చేతులెత్తి అలాగే నిలబడి ఉంది. వెళ్ళిపోదామని తిరిగాను. "కూర్చో బాబాయ్, తినేసి వెళ్ళు," అంది ఆ పిల్ల, ఎవరినీ అడగకుండా.

బల్ల గీరారు. వేడి రొట్టెలు మధ్యలో పెట్టారు, కూర గిన్నె పెట్టారు. అందరూ ఎవరి చోట్లలో వాళ్ళు కూర్చున్నారు. అన్న కూతురు ఎప్పుడూ తండ్రి పక్కన కూర్చుంటుంది కాబోలు, అక్కడ ఒక ప్లేటు పెట్టి ఉంది. ఆ ప్లేటు తీసుకుని, బల్ల చుట్టూ నడిచి వచ్చి, నా పక్కన పెట్టుకుని కూర్చుంది. భుజం నా భుజానికి తగిలింది, చొక్కా నా చంక దగ్గర ఒరుసుకుని మండింది, జరగలేదు నేను. బట్టీ తాత తలెత్తలేదు. అన్నకి అటూ ఇటూ ఖాళీ. రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు, నమిలాడు, నములుతూనే ఉన్నాడు, బొత్తాల కింద గొంతు పైకీ కిందకీ కదిలింది గాని ముద్ద దిగలేదు, నీళ్ళ గ్లాసు కూతురి వైపు ఉంది. ఆ పిల్ల అందివ్వలేదు. నేను అన్న ముఖంలోకే చూస్తూ తిన్నాను. జాలి వస్తుందేమోనని చాలాసేపు చూశాను. రాలేదు. ఇంకో ముక్క తుంచుకున్నాను.